అమ్మమ్మ పెట్టె చేతికొచ్చాక: పాత చీరల సమస్యలు, పరిష్కారాలు

పెద్దవాళ్ల ట్రంకు పెట్టె ఇంటికి చేరగానే చాలామంది అన్నీ మూటగట్టి డ్రై క్లీనింగుకు వేస్తారు, లేదంటే ఎవరికో ఇచ్చేస్తారు. దయచేసి ఆ రెండూ కొన్నాళ్లు ఆపండి. నీడపట్టున పాత దుప్పటి పరిచి, ఒక్కో చీరా పూర్తిగా విప్పి ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు ఉంచండి. ముక్కిన వాసన చాలావరకు దానికే తగ్గుతుంది. బట్ట ఏదో తేలకపోతే కొంగు చివర నాలుగు పోగులు లాగి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన నుసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. నూలు కాగితంలా కాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

పట్టుచీర మడతల దగ్గర చీలుతోంది

ఎక్కువగా కనిపించేదీ, ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంట పోగులు విరుగుతాయి. కొన్ని పాత పట్టు బట్టలకు బరువు పెంచడానికి లోహ లవణాలు పట్టించేవారు. అలాంటివి మడత లేని చోట కూడా చిట్లుతాయి.

రెండు వేళ్ల మధ్య అంచు పట్టుకుని మెల్లగా లాగండి. బట్ట నిలబడి, మడత దగ్గర మాత్రమే చీలి ఉంటే వెనక పలుచని మెత్తటి గుడ్డ వేసి కుట్టించండి. లాగగానే చిరిగితే మాత్రం రఫ్ఫు చేయించవద్దు. కొత్త దారం బిగువుకు చుట్టూ ఉన్న పాత పోగులు ఇంకా తెగుతాయి. అంచూ కొంగూ సాధారణంగా గట్టిగానే మిగులుతాయి కాబట్టి వాటిని విప్పి పిల్లల లంగాకో, కొత్త చీరకో వేయించండి. బాగున్న చీరలను మూడు నెలలకొకసారి మడత మార్చి పెట్టండి.

జరీ నల్లబడింది

అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసినది. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది. చెమట, అత్తరు, జరీకి ఆనించి పెట్టిన కలరా ఉండలు కూడా చెరుపు చేస్తాయి. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు వంటివి పెట్టి రుద్దవద్దు. ఆ పూత చాలా పలుచన, నలుపుతో పాటు అదీ పోతుంది. పొడి మెత్తటి నూలు గుడ్డతో అద్ది వదిలేయండి. కొద్దిపాటి నలుపు పాత జరీకి లోపం కాదని నా అభిప్రాయం.

పాత చీరలు కొనేవాళ్లు జరీని కరిగించి వెండి తీస్తారు. అమ్మేముందు ఒక పోగు గీకి చూడండి: పూత కింది లోహం తెల్లగా ఉంటే వెండి, ఎర్రగా ఉంటే రాగి. చిరిగిపోయిన చీర అమ్మితే తప్పులేదు, కట్టుకోగలిగిన చీరను కరిగించడానికి ఇవ్వడం మాత్రం అన్యాయం.

నూలు చీరలకు పసుపు రంగు మరకలు, చిన్న చిల్లులు

గంజితో దాచారన్నమాట. గంజి కోసం వెండి రంగు పురుగులు చేరతాయి. చన్నీళ్లలో నానబెట్టి, తేలిక సబ్బుతో గంజి పూర్తిగా పోయేలా ఉతికి, బాగా ఆరాకే దాచండి. రంగు చీరలకు ముందు తడి తెల్లగుడ్డ అద్ది చూడండి, రంగు అంటితే విడిగా ఉతకాలి.

గద్వాల చీర ఉతికాక అంచు ముడుచుకుంది

ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు కుంచించుకుపోయినంతగా పట్టు కుంచించుకుపోదు. తడిపి ఇస్త్రీ చేస్తే కొంత సర్దుకుంటుంది. ఇంకా ఉతకని గద్వాల చీరలను డ్రై క్లీనింగుకే ఇవ్వండి.

గుట్టలుగా జాకెట్టు ముక్కలు

పేరంటాల్లో వచ్చినవి కుట్టించి ఉతకగానే బిగుసుకుపోతున్నాయంటే కారణం, కత్తిరించే ముందు తడపకపోవడమే. రాత్రంతా నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి, కొలిచి, కొలత రాసిన చీటీ జతచేసి పెట్టండి. గుండుసూదితో మాత్రం వద్దు, తుప్పు మరక పడుతుంది, దారంతో కట్టండి. జాకెట్టుకు చాలని నూలు ముక్కలు లైనింగుకో, బొంతకో పనికొస్తాయి. బొంతలో నూలుతో పాలిస్టర్ కలపకండి. ఉతికినప్పుడు నూలు కుంచించుకుపోతుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది, కుట్లు ఎగుడుదిగుడు అవుతాయి.