వీపున మోసే వంట – మూడవ పాఠం: ఒరుగులు

మనిషికి రోజుకు ఎంత తిండి కావాలో, సంచిలో దాని బరువును ఎట్లా లెక్కకట్టాలో గడిచిన రెండు పాఠాలలో చూశాము. ఆ లెక్క కట్టిన వారికి బరువులో పెద్ద వంతు నీటిదేనని తేటపడి ఉంటుంది. టమాటలో నూటికి 94 పాళ్ళు, ఆకుకూరల్లో 90కి అటూ ఇటూగా నీరే ఉంటుంది. వాగు దగ్గర గుడారం వేసుకోబోయే మనిషి ఆ నీటిని ఇంటి నుంచి మోసుకుపోనక్కరలేదు. దానిని ఇంటి వద్దనే ఎండకు వదిలివేసి, అక్కడి నీటితో తిరిగి నింపుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని. మన ఇళ్ళలో పెద్దలు ఎండాకాలంలో పెట్టే గోకరకాయ, వంకాయ, టమాట ఒరుగులు ఈ పనికే పుట్టినట్టు ఉంటాయి.

ముందుగా కాలం సంగతి. లక్నవరం, బొగత, కుంటాల వైపు వెళ్ళాలని మనసు లాగేది వాగులు నిండే వానకాలంలో, కానీ ఒరుగులు ఎండేది ఏప్రిల్, మే నెలల్లో, వరంగల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో. అందువల్ల వానకాలపు ప్రయాణానికి వంట ఎండాకాలంలోనే మొదలు కావాలి. ముసురు పట్టిన తరువాత ఎండబెట్టబోతే ముక్కలు ఎండకముందే బూజు పడతాయి. అప్పుడు సుమారు 60 డిగ్రీల వేడి నిలిపే విద్యుత్ డ్రయ్యర్ తప్ప వేరే దారి లేదు.

ఒరుగులకు సేంద్రియ కూరగాయలనే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే కిలో టమాట ఎండి గుప్పెడంత అయినప్పుడు పోయేది నీరే గానీ పురుగుమందుల అవశేషాలన్నీ దానితో పోవు, పైగా ఆ గుప్పెడును మనం కొద్ది పూటల్లోనే తినేస్తాము. సేంద్రియ పంట మన ప్రాంతానికి కొత్త కాదు. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనెబావి, 2006లోనే, ఊరంతా రసాయనాలు లేకుండా పండిస్తున్నామని ప్రకటించుకుంది. తెలిసిన రైతు వద్ద నేరుగా కొనగలిగితే అన్నిటికంటే మేలు, లేనప్పుడు పొట్లం మీద సేంద్రియమని తెలిపే జైవిక్ భారత్ గుర్తు చూసి కొనండి.

ఇక పని. గోకరకాయలను ఈనెలు తీసి, ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్ళలో వేసి, నీరు వార్చి, ఒకదానిమీద ఒకటి పడకుండా పరచాలి. ఈ ఉడుకును కొందరు అనవసరపు శ్రమగా భావిస్తారు గాని, కాయను ముదరబెట్టే, రంగు మార్చే ఎంజైములను ఆపేది అదే. అది లేకపోతే ఒరుగు నిలవలో పాడు వాసన వేస్తుంది, తిరిగి ఉడికించినప్పుడు పీచులాగానే మిగులుతుంది. టమాటలకు ఈ పని అక్కరలేదు, పలుచగా చక్రాలు కోసి ఉప్పు చల్లితే చాలు. పుంటికూరను మాత్రం నీడలోనే గాలికి ఆరబెట్టాలి, నేరుగా ఎండ తగిలితే ఆకులోని రంగు, విటమిన్లు తగ్గిపోతాయి. అన్నిటి మీద పలుచని తెల్ల బట్ట కప్పి, పొద్దుగూకగానే ఇంట్లోకి తెచ్చి, మరునాడు మళ్ళీ పెట్టాలి.

ఎండినదని ఎట్లా తెలుస్తుంది? ఆకు చేతిలో నలిపితే పొడి కావాలి, గోకరకాయ ఫటుక్కున విరగాలి, టమాట ముక్క వంచినప్పుడు లోపల ఎక్కడా తడి మెరవకూడదు. తరువాత గాజు సీసాలో సగానికి నింపి మూతపెట్టి వారం రోజులు గమనిస్తూ, రోజూ ఒకసారి కదపాలి. సీసా గోడకు ఆవిరి పడితే మళ్ళీ ఎండకు పెట్టాలి. ఈ వారాన్ని దాటవేయకండి, ఎందుకంటే ఒక్క తడి ముక్క మొత్తం సీసాను బూజు పట్టిస్తుంది.

ఉడికించిన పప్పును ఎండలో ఆరబెట్టే పద్ధతి కూడా ఉంది గాని, పులిసిపోయే ప్రమాదం ఉంది కనుక దానిని నేను నేర్పను. దానికి బదులుగా పెసరపప్పును దోరగా వేయించి, రవ్వలాగా విసురుకుంటే, అది అడవిలో పది నిమిషాలలో ఉడికిపోతుంది. బియ్యానికి బదులు మందపాటి అటుకులు తీసుకోండి. అవి ముందే వేడికి గురై ఉంటాయి కాబట్టి నానితే చాలు, పొయ్యి గ్యాసు మిగులుతుంది.

ఒక మనిషికి ఒక పూట పొట్లం ఇది: అటుకులు 80 గ్రాములు, పెసర రవ్వ 40, గోకరకాయ, టమాట ఒరుగులు కలిపి 15, ఒక చెంచా పుంటికూర పొడి, ఉప్పు, పసుపు, కారం. కారానికి వరంగల్ చపాటా మిర్చి వాడితే మంచిది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిర్చి ఎర్రని రంగు ఇస్తుంది గాని ఘాటు తక్కువ, నడిచి అలసిన వేళ దాహం పెంచదు. పల్లీలు 20 గ్రాములు వేయించి విడిగా కట్టండి. పొడి చేసి తీసుకుపోతే వాటి నూనెకు గాలి తగిలి కొన్ని రోజులకే కమరు వాసన వస్తుంది. ఇదంతా కలిపి దాదాపు 160 గ్రాములు, ఇచ్చే శక్తి సుమారు 580 కేలరీలు.

గుడారం దగ్గర అటుకులను, పల్లీలను పక్కన ఉంచి, మిగిలినవన్నీ గిన్నెలో అర లీటరుకు కాస్త ఎక్కువ నీళ్ళలో పావుగంట నానబెట్టి, తరువాతే పొయ్యి ముట్టించాలి. నానబెట్టకుండా మంట మీద పెడితే ఒరుగులు పైపైన మెత్తబడి లోపల గట్టిగా ఉంటాయి. పది నిమిషాలు పొంగుతూ ఉడికిన తరువాత అటుకులు వేసి, మంట ఆపి, మూతపెట్టి అయిదు నిమిషాలు వదిలి, చివరికి పల్లీలను నలిపి చల్లుకోవాలి. అటవీశాఖ అనుమతించని చోట మంట పెట్టనే కూడదు. ఏటూరునాగారం, కవ్వాల్ వంటి రక్షిత అడవులలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అటువంటి చోటికి నిప్పుతో పని లేని సత్తుపిండి, మలీద ముద్దలు తీసుకుపోవాలి. వాటిని నాలుగవ పాఠంలో నేర్చుకుందాము.

ఈలోగా అభ్యాసం: అరకిలో గోకరకాయలు, కిలో టమాటలు ఎండబెట్టి, ముందు బరువు, తరువాతి బరువు రాసిపెట్టుకోండి. సీసాలో వారం గడిచిన తరువాత పై కొలతతో ఒక పొట్లం కట్టి, ప్రయాణంలో తీసుకుపోయే ఆ చిన్న పొయ్యి మీదనే ఇంటి డాబాపై వండి తినండి. ఉప్పు, పులుపు, నీళ్ళు ఎంత సరిపోయాయో ఆ పూటే పొట్లం మీది చీటీలో దిద్దుకోండి.