లేహ్ విమానం ఎక్కే ముందు ఇవి చూసుకోండి

జూన్ దగ్గరపడింది. తిరగడమే ప్రాణంగా బతికే మనలో చాలామంది ఈసారి లద్దాఖ్‌కి టికెట్లు తీసుకుని ఉంటారు.

• మొదటి రెండు రోజులు లేహ్ దాటకండి. అన్నింటికన్నా ముఖ్యం ఇదే. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఢిల్లీలో ఎక్కితే విమానం గంటన్నరలో అక్కడ దించేస్తుంది, ఒంటికి అలవాటుపడే టైమే ఉండదు. మర్నాడే 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా కనుమకి బయల్దేరితే తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా పోవచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దిగిన సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కి, రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నాను. ఇబ్బంది మొదలైతే ఇంకా పైకి వెళ్లకండి. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే.

• ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగే వేసుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

• తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచండి. వాతావరణం బాగోకపోతే విమానాలు రద్దవుతాయి. ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్ అదే రోజుకి తీసుకుంటే రెండో టికెట్ డబ్బులూ పోతాయి.

• మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. కనీసం ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

• నుబ్రా లోయకు, పాంగాంగ్ సరస్సుకు పర్మిట్ కావాలి. చెక్‌పోస్టుల్లో ఇవ్వడానికి నాలుగైదు జిరాక్సులు తీయించుకోండి.

• నగదు లేహ్‌లోనే తీసుకోండి. ఆ తర్వాత ఏటీఎంలు అరుదు.