చేప చర్మం చదవడం – మూడవ పాఠం: జెల్ల తలమీది విద్యుత్ గుంటలు

గత రెండు పాఠాలలో పార్శ్వరేఖ (నీటి కదలికను పసిగట్టే అవయవం) రంధ్రాలను, మీసాలమీది రుచి మొగ్గలను గుర్తుపట్టడం సాధన చేశాము. ఈసారి వెతకవలసినవి వాటికంటే సూక్ష్మమైనవి, నీటిలోని బలహీనమైన విద్యుత్తును పసిగట్టే గుంటలు. పది రెట్ల భూతద్దం, టార్చి, ఒక చేప ఉంటే చాలు.

ఆ చేపను కొనేచోటే పాఠం మొదలవుతుంది. గోదావరి పంటకాలువల్లో దొరికే మీసాల చేప జెల్లను ఎంచుకోండి. ఇంగిలాయి జోలికి పోవద్దు, దాని రొమ్ము రెక్క ముల్లులో విషముంటుంది. పాలకొల్లు వైపు ఒక సంతలో నేను "బూడిద వద్దమ్మా, ఇలాగే ఇవ్వండి" అంటే, చేపలమ్మే ఆవిడ వింతగా చూసి "తోమకపోతే జిగురు పోదు బాబూ" అంది. కూర విషయంలో ఆమె మాట నిజమే. కాని మనకు కావలసినది ఆ జిగురు కింద చెక్కుచెదరని చర్మం. బూడిద పెట్టి తోమితే పైపొర చెరిగిపోయి, మిగిలిన గుంటలు కూడా పూడుకుపోతాయి.

ఇంటికి తెచ్చాక చేపను నీటితో మెల్లగా కడిగి, తడి ఆరనివ్వకుండా, టార్చి వెలుగు ఏటవాలుగా పడేటట్లు పట్టుకోండి. మొదట కంటికి వెనుక, తల పైభాగాన చూడండి. వరుసగా, కాస్త పెద్దవిగా కనిపించేవి పార్శ్వరేఖకు చెందిన రంధ్రాలు. వాటి మధ్య ఏ వరుసకూ లొంగకుండా, సూదిమొనతో పొడిచినట్లు చెదురుమదురుగా ఉన్నవే మన గుంటలు. ఇవి తలమీద దట్టంగా, ఒంటిమీద పలచగా ఉంటాయి. మొదటి రోజు ఏమీ కనిపించకపోతే నిరుత్సాహపడవద్దు. కాంతి కోణం మార్చడమే ఇక్కడి పనితనమంతా.

ప్రతి గుంటలోను బంకలాంటి పదార్థంతో నిండిన పొట్టి గొట్టం, దాని అడుగున గ్రాహక కణాలు, వాటినుండి మెదడు వైపు పోయే నాడి ఉంటాయి. ఏ ప్రేరణా లేనప్పుడు కూడా ఆ నాడి ఆగక స్పందిస్తూనే ఉంటుంది. లాకు తలుపు కింద నీరు ఎప్పుడూ కొంత పారుతూ ఉంటే పైనుంచి వచ్చే నీరు హెచ్చినా తగ్గినా తెలిసిపోయినట్లు, ఇక్కడ కూడా స్పందనల వేగం రెండు వైపులా మారగలదు: గుంట ముఖద్వారం వద్ద ధనావేశం పెరిగితే వేగం హెచ్చుతుంది, రుణావేశం పెరిగితే తగ్గుతుంది. బురదలో దాగిన రొయ్య ఒంటినుండి వెలువడే స్వల్ప విద్యుత్తును జెల్ల చీకట్లో పసిగట్టేది ఈ విధంగానే, అది కూడా చాలా దగ్గరి దూరంలోనే.

గొట్టం ఎందుకంత పొట్టిగా ఉన్నదో తెలియాలంటే ధవళేశ్వరం నుండి యానాం దాకా మారే నీటి గురించి ఆలోచించాలి. మంచినీటిలో విద్యుత్తు సులువుగా పారదు. చేప శరీరం లోపల మాత్రం ఉప్పుద్రవం ఉంటుంది. చర్మమేమో గట్టి అడ్డుగోడ. అందువల్ల విద్యుత్ పీడనంలోని (వోల్టేజిలోని) తేడా చాలావరకు ఆ చర్మం మీదనే పడుతుంది కాబట్టి చర్మపు మందమంత గొట్టం సరిపోతుంది. సముద్రపు నీరు చేప శరీరంకంటే మంచి వాహకం కావడంతో, అక్కడ తేడాను పట్టుకోవడానికి పొడవైన గొట్టం అవసరమవుతుంది. సముద్రంలో బతికే మీసాల చేప ప్లోటోసస్‌లో గొట్టాలు పొడవుగానే ఉంటాయి. సొర, టేకు చేపల జాతిలోని ఇలాంటి గొట్టాలను ఇటలీకి చెందిన స్టెఫానో లోరెంజినీ 1678లోనే వర్ణించాడు, అవి విద్యుత్తు కోసమని తెలియకుండానే.

ఇక పరీక్ష. అమెరికాలో పార్కర్, వాన్ హ్యూసెన్ 1917లో కళ్లు కప్పిన మీసాల చేప దగ్గరికి గాజు కడ్డీని తెస్తే, అది తగిలేదాకా చేప పట్టించుకోలేదు. లోహపు కడ్డీకి మాత్రం కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే స్పందించింది. నీటిలో లోహం ఉపరితలం మీద పుట్టే చిన్న విద్యుత్తే అందుకు కారణం. మీ గాజు తొట్టిలో బతికి ఉన్న జెల్లతో, రాత్రి మసక ఎర్రదీపం కింద, ఇదే చేసి చూడవచ్చు. అయితే లోహం, గాజు అన్న రెండింటితోనే ఆగిపోతే పరీక్ష చెల్లదని నా అభిప్రాయం. అలాంటిదే మరో లోహపు కడ్డీకి మైనం పూర్తిగా పట్టించి మూడో కడ్డీగా వాడండి. దాని కదలికా, నీటిలో అది లేపే అల ఒకటే అయినప్పుడు, తేడా కనిపిస్తే అది విద్యుత్తు వల్లనే అనవచ్చు.

వచ్చే పాఠానికి ముందు మూడు కడ్డీలను వరుస మార్చి ఒక్కొక్కటి ఇరవైసార్లు దించి, చేప కదిలిన దూరాన్ని స్కేలుతో చూసి నోటుబుక్కులో రాయండి. చేప అలిసిపోతే ఆపి, మరునాడు కొనసాగించండి.