రిజిడ్ ఫోర్క్ తీసి సస్పెన్షన్ వేశాక వచ్చే తంటాలు: లక్షణం, కారణం, మరమ్మతు

ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే భాగమే ఫోర్క్. మౌంటెన్ బైక్‌కి కదలని రిజిడ్ ఫోర్క్ తీసి, కుదుపులకు దిగి లేచే సస్పెన్షన్ ఫోర్క్ వేయించుకోవాలన్న కోరిక సబబైనదే. రాళ్లబాటలో చేతులకు నొప్పి తగ్గుతుంది, ముందు చక్రం నేలను వదలకుండా పోతుంది. అయితే బిగించిన కొన్నాళ్లకే ఏదో ఒక తేడా బయటపడుతుంది, అప్పుడు నింద కొత్త ఫోర్క్ మీదికి పోతుంది. చాలావరకు అది ఫోర్క్ తప్పు కాదు. పాతదాని కొలతలు తీసుకోకుండా కొత్తది కొన్నందువల్ల వచ్చిన తిప్పలు. అందుకే కింద చెప్పిన వాటిలో చాలావాటికి మొదటి పనిముట్టు పానా కాదు, టేపు.

ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలుతోంది, హ్యాండిల్ నిలకడగా ఉండటం లేదు

కారణం ఫోర్క్ పొడవు. చక్రం ఇరుసు మధ్య నుంచి, పైన కింది బేరింగు కూర్చునే మెట్టు దాకా కొలవండి. దీన్నే యాక్సిల్ టు క్రౌన్ అంటారు. పాత 26 అంగుళాల సైకిళ్ల రిజిడ్ ఫోర్క్‌లో ఇది సుమారు 400 మి.మీ. ఉంటుంది. అదే చక్రానికి 100 మి.మీ. ట్రావెల్ (ఫోర్క్ లోపలికి దిగే దూరం) ఉన్న సస్పెన్షన్ ఫోర్క్ 470 దగ్గర ఉంటుంది. ముందు భాగం 20 మి.మీ. లేచిన ప్రతిసారీ హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ఫ్రేము ముందు గొట్టం) దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. 70 లేస్తే మూడు డిగ్రీలు దాటుతుంది. సీటు వెనక్కి ఒరుగుతుంది, పెడల్స్ నేలకు దూరమవుతాయి, మీ బరువు వెనక చక్రం మీద పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలకుండా ఎలా ఉంటుంది?

1989లో రాక్‌షాక్స్ మొదటి ఫోర్క్ వచ్చినప్పుడు దాని ట్రావెల్ సుమారు రెండు అంగుళాలే కాబట్టి, రిజిడ్ కోసం చేసిన ఫ్రేములు ఆ మాత్రం తేడాను తట్టుకున్నాయి. ఇప్పుడు దొరికే 100, 120 మి.మీ. ఫోర్క్‌లకు ఆ పాత ఫ్రేములు లెక్క కుదరవు. తర్వాతి కాలంలో సస్పెన్షన్‌కి తగ్గట్టు గీసిన ఫ్రేములకు రిజిడ్ ఫోర్క్ వేసినా దాన్ని ముందే పొడుగ్గా చేస్తారు. మీది ఏ రకమో కంటితోనే పోల్చుకోవచ్చు. టైరు పైభాగానికీ, ఫోర్క్ రెండు కాళ్లు పైన కలిసే భుజాలకూ మధ్య ఒక వేలు మాత్రమే దూరితే అది పాత లెక్క. నాలుగు వేళ్లు సులువుగా దూరేంత ఖాళీ ఉంటే ఆ ఫ్రేము సస్పెన్షన్‌కి సిద్ధంగా ఉన్నట్టే.

పోల్చేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మీరు సైకిలెక్కగానే సస్పెన్షన్ కొంత దిగుతుంది. 100 ట్రావెల్‌లో 20 దిగిందనుకుంటే 470ని 450గా లెక్కేసుకుని పాత కొలతతో పోల్చాలి. తేడా 20 లోపు ఉంటే నిశ్చింత. 20 నుంచి 30 మధ్య ఉంటే హ్యాండిల్ కింది స్పేసర్లు (ఎత్తు పెంచే ఉంగరాలు) తీసి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కి పట్టే కాడ) పైన పెట్టండి, సీటు కొంచెం ముందుకు జరిపి ముక్కు కాస్త దించండి, సర్దుకుంటుంది. అంతకంటే ఎక్కువైతే ఈ సర్దుబాట్లు పనికిరావు. 80 మి.మీ. ట్రావెల్ ఫోర్క్ వెతకండి. కొన్ని ఫోర్క్‌లలో లోపల స్పేసర్ వేసి ట్రావెల్ తగ్గించుకునే వీలుంది, కొనే ముందే అడగండి.

పొడుగు ఫోర్క్ ఫ్రేమునూ విడిచిపెట్టదు. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ అదనపు పొడవు గడ్డపారలా హెడ్ ట్యూబును పెకలిస్తుంది. పెడల్స్ వైపు వాలే డౌన్ ట్యూబు వచ్చి హెడ్ ట్యూబుతో కలిసే చోట, అడుగువైపు వెల్డింగును తడిగుడ్డతో తుడిచి చూడండి. పెయింటులో సన్నటి అడ్డగీత కనబడితే ఆ ఫ్రేమును ఇక తొక్కకండి.

ఫోర్క్ పై ట్యూబు ఫ్రేములోకి దూరడం లేదు, లేదా దూరినా పైకి చాలడం లేదు

తక్కువ ధర రిజిడ్ సైకిళ్లలో ఇప్పటికీ 1 అంగుళం వ్యాసం, మరలున్న (థ్రెడ్లున్న) ట్యూబు కనిపిస్తుంది. హ్యాండిల్ కాడ ట్యూబు లోపలికి దిగి, నడినెత్తిన ఒకే బోల్టు, దాని కింద పెద్ద నట్టు ఉంటే అది మరల రకం. కాడను పక్క నుంచి రెండు బోల్టులు పట్టుకుని ఉంటే మరలు లేని రకం.

1⅛ అంగుళం మరల ఫోర్క్ నుంచి అదే సైజు మరలు లేని ఫోర్క్‌కి మారడం తేలికే. హెడ్‌సెట్ (హెడ్ ట్యూబు బేరింగుల జత), స్టెమ్ మారిస్తే చాలు. 1 అంగుళం ఫ్రేములో 1⅛ ట్యూబు పట్టదు. లోపల అరగదీయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, హెడ్ ట్యూబు గోడ పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి సైకిల్‌కి ఫ్రేము ఇరుకు కానంతవరకు ఒక సైజు లావు టైరు వేసి గాలి కాస్త తగ్గించడమే మేలు. ఆ సుఖం చవక సస్పెన్షన్ ఇచ్చే సుఖానికి ఏమాత్రం తీసిపోదు. పైగా చవక స్ప్రింగు ఫోర్క్ రెండున్నర కిలోల దాకా తూగుతుంది.

అడుగున లావెక్కే టేపర్డ్ ట్యూబు, లోపలి వ్యాసం 34 మి.మీ. ఉన్న తిన్నటి హెడ్ ట్యూబులోకి వెళ్లదు. 44 మి.మీ. అయితే కింద బయటికి వచ్చే కప్పు వేసి పట్టించవచ్చు.

సెకండ్ హ్యాండ్ ఫోర్క్ కొంటే అందరికీ ఎదురయ్యేది పొట్టి ట్యూబు. హెడ్ ట్యూబు పొడవు, హెడ్‌సెట్ పైనా కిందా ఆక్రమించే ఎత్తు, స్టెమ్ ఎత్తు, ఈ మూడూ కూడి 3 మి.మీ. తీసేయండి. కనీసం అంత పొడవు ట్యూబు ఉండాలి. లేకపోతే కొనకండి, వెల్డింగుతో అతికించే ఆలోచన అసలే వద్దు. ఎక్కువుంటే హాక్సాతో కోసి ఆకురాయితో అంచు నున్నగా చేయండి. పాత స్టెమ్ ఒకటి బిగించి దాని అంచు వెంట కోస్తే బ్లేడు పక్కకు పోదు.

ముందు బ్రేకు పట్టగానే టక్‌మని శబ్దం

ఇందులో ముగ్గురు అనుమానితులు. చక్రాన్ని పక్కకు పూర్తిగా తిప్పి, హ్యాండిల్ పట్టుకుని సైకిల్ని ముందుకూ వెనక్కూ ఊపండి. కింది కప్పు దగ్గర వేలు ఆనిస్తే కదలిక తెలుస్తుంది. అక్కడ ఆడితే హెడ్‌సెట్ లూజు. చక్రం తిన్నగా ఉంచి బ్రేకు పట్టి ఊపినప్పుడు మాత్రమే, మెరిసే గొట్టాలు కింది కాళ్లలోకి దిగే చోట ఆట కనిపిస్తే లోపలి బుష్‌లు (గొట్టం జారే ఉంగరాలు) అరిగాయి. ఆ రెండూ గట్టిగా ఉండి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను పట్టే భాగం) దగ్గర శబ్దం వస్తే, అది ప్యాడ్లు తమ గూటిలో కాస్త కదలడం, భయం లేదు.

హెడ్‌సెట్ లూజు తీయడంలో వరస ముఖ్యం. ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయాలి. తర్వాత పై మూత బోల్టు ఆట పోయేదాకా బిగించాలి. చివర స్టెమ్ తిన్నగా పెట్టి, దాని మీద రాసిన టార్కుకి పక్క బోల్టులు బిగించాలి. పక్క బోల్టులు బిగిసి ఉండగా పై మూతను ఎంత తిప్పినా లాభం ఉండదు, ఎక్కువ తిప్పితే ట్యూబు లోపల బిగిసి ఉండే స్టార్ నట్ పైకి జారుతుంది. ఎంత బిగించినా ఆట పోకపోతే పై మూత తీసి చూడండి. ట్యూబు అంచు మూతకు తగులుతుంటే పైన 5 మి.మీ. స్పేసర్ ఒకటి చేర్చండి.

ఇవన్నీ సరిగానే ఉన్నా శబ్దం వస్తుంటే ఫోర్క్ దించి క్రౌన్ రేస్ చూడండి. పాత ఫోర్క్‌కి అతుక్కుని ఉండే ఆ సన్నటి ఉంగరాన్ని కొత్తదానికి మార్చడం చాలామంది మర్చిపోతారు. మార్చినా ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చుంటుంది. ట్యూబు మీదుగా జారే ఇనుప పైపు పెట్టి, చుట్టూ సమంగా తట్టి, కింద ఎక్కడా వెలుతురు కనబడకుండా కూర్చోబెట్టండి.

హ్యాండిల్ బిర్రుగా తిరుగుతుంటే పై మూత ఎక్కువ బిగిసినట్టు, లేదా బేరింగు తలకిందులుగా పడినట్టు.

పాత బ్రేకు పట్టడం లేదు, పాత చక్రం కూర్చోవడం లేదు

ఇప్పటి ఫోర్క్‌లలో చాలావాటికి రిమ్మును పట్టే వి-బ్రేకు బుడిపెలు ఉండవు, డిస్క్ మౌంటే ఉంటుంది. అంటే డిస్క్ హబ్ ఉన్న చక్రం, రోటర్ (బ్రేకు పళ్లెం), కాలిపర్ అన్నీ కొత్తగా కావాలి. ఆ ఖర్చు ఫోర్క్ ధరలో ముందే కలుపుకోండి. కేబులుతో పనిచేసే మౌంటెన్ బైక్ డిస్క్ బ్రేకుకు మీ పాత వి-బ్రేకు లీవరు సరిపోతుంది. పాత కాంటిలీవర్ బ్రేకు లీవరు సరిపోదు, అది లాగే కేబులు చాలదు.

ఇరుసు కూడా చూడండి. పాత చక్రాలు 9 మి.మీ. క్విక్ రిలీజ్ (లీవరు మూసి బిగించే) రకం, 100 మి.మీ. వెడల్పు. కొత్త ఫోర్క్ 15×100 (ఇరుసు మందం × వెడల్పు) అయినా, 15×110 బూస్ట్ అయినా ఆ చక్రం కూర్చోదు. క్విక్ రిలీజే అయినా సస్పెన్షన్ ఫోర్క్ కొసలు మందంగా ఉంటాయి కనుక నట్టు మళ్లీ సర్ది, లీవరు మూస్తే అరచేతిలో గుర్తు పడేంత బిగువు ఉండాలి. డిస్క్ బ్రేకు ఇరుసును కిందికి తోస్తుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి కేబులు లాగుడు లేదని చూసుకోండి. ముందు భాగం లేచినందుకు పాత కేబులు పొట్టిదవుతుంది.

గుంతలో పడ్డప్పుడు టైరు రాసుకున్న చప్పుడు

ఫోర్క్‌లో గాలి తీసేసి, స్ప్రింగు రకమైతే స్ప్రింగు తీసి, పూర్తిగా కిందికి నొక్కండి. టైరుకూ పై భుజానికీ మధ్య కనీసం 6 మి.మీ. ఉండాలి. లేకపోతే సన్న టైరు తప్పదు. వికారాబాద్ అనంతగిరి బాటల్లో వానాకాలం ఎర్రమట్టి అంటుకున్నప్పుడు 6 కూడా చాలదు. ఇదే సమయంలో చక్రం పక్కకు తిప్పి, ఫోర్క్ పైనున్న నాబులు డౌన్ ట్యూబుకు తగులుతున్నాయేమో చూడండి.

ఫోర్క్ కదలడం లేదు, లేదా తొక్కుతుంటే ఊగుతోంది

మెరిసే గొట్టానికి రబ్బరు రింగు లేకపోతే సన్న ప్లాస్టిక్ ట్యాగు ఒకటి కట్టి అడుగుకు జరపండి. మీ సంచీ, నీళ్లతో సహా సైకిలెక్కి నిలబడి, మళ్లీ మెల్లగా దిగండి. ట్యాగు 100 మి.మీ. ట్రావెల్‌లో 15 నుంచి 25 మి.మీ. జరిగితే సరి. తక్కువ జరిగితే గాలి తగ్గించండి, ఎక్కువైతే షాక్ పంపుతో కొట్టండి. టైరు పంపు దీనికి పనికిరాదు. స్ప్రింగు ఫోర్క్‌లో ప్రీలోడ్ నాబు (స్ప్రింగును ముందే నొక్కి ఉంచేది) కొంతవరకే సాయపడుతుంది, మీ బరువుకు తగ్గ స్ప్రింగు లేకపోతే ఎంత తిప్పినా అంతే.

మొదట బాగా ఆడి, నెలలు గడిచాక బిగుసుకుంటే అది దుమ్ము పని. ప్రతి రైడు తర్వాత గొట్టాలను మెత్తటి గుడ్డతో తుడవండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి, సీలు దగ్గరి గ్రీజు కరిగిపోతుంది. గాలి ఫోర్క్ అయితే 50 గంటల వాడకానికోసారి కింది కాళ్లు విప్పించి నూనె మార్పించండి.