బెంగళూరుకు పాత పికప్‌తో వచ్చిన తమ్ముళ్లకు: చాంబర్ దెబ్బతింటే

మొన్న కె.ఆర్.పురం దగ్గర ఒక కుర్రాడు పికప్ పక్కకు ఆపుకొని నిలబడ్డాడు. మదనపల్లె టమాట లోడు. హంపు మీద స్పీడు తగ్గించలేదు, చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, కొట్టుకుంది. బండి వెనక రోడ్డు పొడుగునా ఆయిల్ చార. మీటర్ దగ్గర ఆయిల్ ఎర్ర లైటు ఎక్కడ వెలిగిందిరా అంటే, "భట్టరహళ్లి దగ్గరే వెలిగింది అన్నా, మార్కెట్ చేరాక చూద్దామనుకున్నా" అన్నాడు. నాకు కోపం ఆగలేదు. ఆ లైటు వెలిగిందంటే ఆయిల్ ప్రెషర్ పోయినట్టే. క్రాంకు బేరింగులు ఎండిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఎక్కడ వెలిగితే అక్కడే ఇంజన్ ఆపాలి. లోడు వేరే బండిలోకి మార్చుకో, నీ బండిని తాడు కట్టి లాగించుకో.

ఆయిల్ దించడం, ఫిల్టర్ మార్చడం నీకు తెలిసిన పనులే, అవి చెప్పను. నా బాధంతా చాంబర్ అంచున ఆయిల్ కారకుండా పూసే గమ్ గురించి.

నేను ఈ ఊరికొచ్చిన మూడో నెలలో నా చాంబర్ కూడా ఇలాగే సొట్టపడి చీలింది. ఎవరూ తెలియదు, కన్నడ రాదు. దగ్గర్లో కనబడిన షెడ్డుకు తీసుకెళ్లాను. రేకు సుత్తితో కొట్టి సరిచేసి, వెల్డింగ్ పెట్టి, అంచు చుట్టూ సిలికాన్ గమ్ దట్టంగా పూసి బిగించారు. సాయంత్రానికి బండి చేతికిచ్చారు. ఒక్క చుక్క కారలేదు, సంతోషించాను. మూడు వారాలకు, ఇంజన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎర్ర లైటు మినుకుమనడం మొదలైంది. వేరే మెకానిక్ చాంబర్ దించి చూపించాడు. బిగించినప్పుడు లోపలికి పొంగిన గమ్ ముక్కలుగా ఊడి, పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే స్ట్రైనర్ జల్లెడకు అతుక్కుంది. పంపుకు ఆయిల్ అందలేదు. బేరింగులు పోయాయి. రెండు నెలలు కిస్తీ కట్టలేకపోయాను.

అందుకే చెబుతున్నా, గమ్ పెట్టేటప్పుడు టీ తాగడానికి పోవద్దు, పక్కనే నిలబడు. పాత గమ్ మొత్తం గీకించు. రెండు అంచులూ ఆయిల్ జిడ్డు లేకుండా తుడవాలి. గమ్ సన్నటి దారలాగా, మూడు మిల్లీమీటర్ల మందం చాలు, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలివైపు నుంచి తిరిగి రావాలి. అంచుల మధ్య వేసే ప్యాకింగ్ కంపెనీయే ఇచ్చిన బండికి ప్యాకింగే వేయించు, దాని మీద మళ్లీ గమ్ మెత్తనివ్వకు. బోల్టులు మధ్య నుంచి చివరలకు, కొంచెం కొంచెంగా బిగించాలి. బలమంతా పెడితే అంచు వంగి మళ్లీ కారుతుంది. తర్వాత ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. చాలావాటికి పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజు బాడుగ పోనీ. కన్నడ రాదని నోరు మూసుకోకు. "గమ్ కమ్మి హాకి అణ్ణా" (గమ్ తక్కువ వెయ్యన్నా) అంటే చాలు, అర్థమవుతుంది.

చాంబర్ దించినప్పుడు స్ట్రైనర్ కడిగించు. అడుగున మిగిలిన ఆయిల్‌లో లోహపు పొడి మెరుపు కనిపిస్తే బేరింగులు చూపించకుండా మూయనివ్వకు.

కొత్త చాంబర్ కావాలంటే స్పేర్ పార్టుల షాపులుండే జె.సి.రోడ్డుకు పో, పాతది చేతిలో పట్టుకొని పో. బోల్టు రంధ్రాలు, లోతు రెండూ పోల్చి చూసుకో. లోతు తేడా వస్తే స్ట్రైనర్ అడుగుకు తగులుతుంది, లేదా ఆయిల్‌కు అందదు. శివాజీనగర్ గుజరీలో, అంటే పాత సామాన్ల బజారులో, పాత చాంబర్ దొరికితే గాజు పలక మీద బోర్లించి చూడు, ఊగితే వద్దను. అయస్కాంతం అంటితే ఇనుపరేకు, వెల్డింగ్ నిలుస్తుంది. అంటకపోతే అల్యూమినియం. ఆయిల్ తాగిన అల్యూమినియం పగులుకు వెల్డింగ్ సరిగ్గా పట్టదు, మార్చెయ్.

టెన్షన్ పడ్డావేమో. లైటు వెలగగానే ఆపినవాడికి ఇది పెద్ద రిపేరు కాదు. ఇంజన్ కాస్త పైకి లేపాల్సిన బళ్లు కొన్ని ఉన్నాయి, మిగతావాటికి ఒక పూట పని, ఒక రోజు ఆరబెట్టడం. కె.ఆర్.పురం కుర్రాడి బేరింగులు కూడా బాగానే ఉన్నాయి, అదృష్టం. రిపేరు అయ్యాక, ఆయిల్ చుక్క పడుతుందేమో తెలియడానికి రాత్రి బండి కింద అట్టముక్క పరిచి వదిలెయ్యమన్నాను. పొద్దున్నే ఫోన్ చేశాడు, అట్ట పొడిగానే ఉందట.