నడివయసులో ఆర్‌సీ విమానం: ఎందుకు పడుతోంది, ఏం చూస్కోవాలి

నేను రేడియోతో నడిపే ఈ బొమ్మ విమానాల్ని 47 ఏళ్ల వయసులో మొదలుపెట్టాను. మొదటి నెలలోనే మూడుసార్లు కూలింది, మూడుసార్లూ నాకనిపించింది ఒకటే, వయసైపోయింది, చేతులు మాట వినట్లేదు, ఇది చిన్నప్పుడే మొదలుపెట్టాల్సింది అని. తర్వాత ముక్కలన్నీ టేబుల్ మీద పెట్టుకుని ఒక్కోటీ వెనక్కి వెళ్లి ఆలోచిస్తే రెండింటికి నా చేతులతో సంబంధమే లేదు, విమానం నేలమీద ఉన్నప్పుడే జరిగిన తప్పులు అవి. ఎవరైనా ఇలాగే "నావల్ల కాదులే" అని అటక మీద పెట్టేసే ముందు ఇది ఒకసారి చదవాలని రాస్తున్నా.

నేను చెప్పేదంతా ట్రైనర్ గురించి, అంటే నేర్చుకునేవాళ్ల కోసం చేసిన, రెక్క పైన ఉండే ఫోమ్ విమానం, ఎలక్ట్రిక్ మోటార్, రెక్క కొస నుంచి కొసకి 1.2 నుంచి 1.5 మీటర్లు. రేడియో (చేతిలో పట్టుకునే రిమోట్) మోడ్ 2, ఎడమ స్టిక్‌లో థ్రాటిల్ (మోటార్ వేగం), రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోకమీది నిలువు పలక), కుడి స్టిక్‌లో ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోకమీది అడ్డపలక), ఎయిలరాన్ (విమానాన్ని ఒరిగించే, రెక్కల వెనక అంచు పలకలు).

సమస్య: విసరగానే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగినట్టయ్యి, పడిపోతోంది

నూటికి తొంభైసార్లు బరువు వెనక్కి ఉందని అర్థం, సీజీ (విమానం సమంగా తూగే చోటు) తప్పింది. నాకు జరిగింది చెప్తాను. కొత్త బ్యాటరీ కొన్నాను, పాతదానికంటే కాస్త పొట్టిది. లోపల పెట్టి మూత వేసేశా, వెల్క్రో పట్టీ వదులుగా ఉందని తెలుసు, పర్లేదులే అనుకున్నా. విసిరిన ఊపుకి లోపల టక్ మని చప్పుడు, బ్యాటరీ రెండు వేళ్లంత వెనక్కి జారిపోయింది, ముక్కు నిలువుగా లేచింది, నేను స్టిక్ పూర్తిగా ముందుకి నెట్టినా వినలేదు. మొత్తం మూడు సెకన్లు కూడా పట్టలేదు.

ఏం చెయ్యాలంటే, ఎగరేసే బ్యాటరీ లోపల పెట్టి, మూత మూసి, రెండు చూపుడువేళ్ల కొసలు రెక్క కింద రెండు పక్కలా పెట్టి విమానాన్ని ఎత్తండి. మాన్యువల్లో సీజీ ఎక్కడుండాలో రాసి ఉంటుంది, అది లేకపోతే మామూలు ట్రైనర్‌కి రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 25 నుంచి 33 శాతం మధ్యలో ఉండాలి, అంటే వెడల్పు 20 సెంటీమీటర్లైతే ముందు నుంచి 5 నుంచి 6.6 సెంటీమీటర్ల దగ్గర. అక్కడ వేళ్లు పెట్టినప్పుడు సమంగా నిలబడాలి, లేదా ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక వాలితే మాత్రం ఎగరెయ్యొద్దు, బ్యాటరీని ముందుకి జరపండి, చాలకపోతే ముక్కులో బరువు పెట్టండి. సరైన చోటు దొరికాక బ్యాటరీ ఎక్కడిదాకా రావాలో లోపల మార్కర్‌తో గీత గీసి, దాని వెనక ఒక ఫోమ్ ముక్క అడ్డం పెట్టండి, ఇక జారదు. రెక్క అడుగున సీజీ చోట రెండు చుక్కలు కూడా పెట్టుకుంటే ప్రతిసారీ స్కేలు వెతుక్కోనక్కర్లేదు.

సీజీ బాగానే ఉండి, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే ముక్కు లేస్తుంటే అది ట్రైనర్ స్వభావం, కాస్త ఎత్తుకెళ్లాక థ్రాటిల్ సగానికి తగ్గించండి. సగంలో కూడా లేస్తుంటే ఎలివేటర్ ట్రిమ్ (స్టిక్ వదిలేసినా పలక ఎక్కడుండాలో కొంచెం కొంచెంగా సర్దే మీట) రెండు మూడు క్లిక్కులు డౌన్.

సమస్య: విసరగానే ఎడమకి ఒరిగిపోతోంది

ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, దాని ఎదురుదెబ్బకి విమానం ఎడమకి ఒరుగుతుంది, స్పీడ్ తక్కువున్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. అందుకే మోటార్‌ని కంపెనీవాళ్లే రెండు మూడు డిగ్రీలు కుడికి తిప్పి బిగిస్తారు, కొందరు అది వంకరనుకుని సరిచేసేస్తారు, చెయ్యకండి. విసిరేటప్పుడు పైకి కాకుండా తిన్నగా ముందుకి, రెక్కలు సమంగా ఉంచి విసరండి, ముప్పావు థ్రాటిల్ చాలు, గాలికి ఎదురుగా.

దానికంటే ముందు ఇంకోటి చూడండి, ఎయిలరాన్లు తిరగబడి ఉన్నాయేమో. విమానం వెనక నిలబడి చూడాలి, ఎదురుగా నిలబడి చూస్తే కుడిఎడమలు తారుమారై అంతా సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. స్టిక్ ఎటు నెడితే అటువైపు ఎయిలరాన్ పైకి లేవాలి. ఎలివేటర్ స్టిక్ మీవైపు లాగితే తోకమీది పలక పైకి లేవాలి. గైరో (విమానం ఒరిగితే దానంతటదే సరిచేసే పరికరం) ఉంటే అదీ చూడండి, గైరో ఆన్ చేసి విమానాన్ని చేత్తో కుడికి వంచితే కుడి ఎయిలరాన్ దానంతటదే కిందికి దిగాలి, అది పైకి లేస్తోందంటే గైరో తిరగబడి ఉంది, మీరు ఎంత బాగా ఎగరేసినా అది కూల్చేస్తుంది. ఈ చెకింగ్ మొత్తం అర నిమిషం పని, నేను ఇప్పటికీ ప్రతి ఫ్లైట్ ముందు చేస్తాను.

సమస్య: వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, నావైపు వచ్చేటప్పుడు ఎటు తిప్పాలో తెలీక కూల్చేస్తున్నా

ఇదే అసలైన పరీక్ష, ఎక్కువమంది మానేసేది కూడా ఇక్కడే. విమానం మీకు దూరంగా వెళ్తున్నంతసేపు దాని కుడి, మీ కుడి ఒకటే. అది తిరిగి మీవైపు వస్తే దాని కుడి మీ ఎడమ అవుతుంది. ఇది బుద్ధికి తెలుసు, బొటనవేలికి తెలీదు. వేలు పాత అలవాటు ప్రకారం నెడుతుంది, ఒరిగిన విమానం ఇంకా ఒరుగుతుంది, మీరు ఇంకా గట్టిగా నెడతారు, అయిపోతుంది.

నాకు పనికొచ్చిన ఉపాయం ఇది: ఎదురుగా వస్తున్నప్పుడు కుడా ఎడమా అని ఆలోచించొద్దు, ఏ రెక్క కిందికి వాలింది అని మాత్రమే చూడండి, స్టిక్‌ని ఆ రెక్క వైపే నెట్టండి, పడిపోతున్న రెక్క కింద కర్ర ఆనించి నిలబెట్టినట్టు. అంతే. రెండోది, పొరపాటు జరిగితే సరిదిద్దుకునే టైమ్ ఉండాలి కాబట్టి మొదటి రోజుల్లో 40, 50 మీటర్ల ఎత్తుకి తగ్గకుండా తిప్పండి. మరీ గందరగోళమైతే థ్రాటిల్ సగానికి తెచ్చి కుడి స్టిక్ మొత్తం వదిలెయ్యండి, ట్రైనర్ రెక్కలు రెండూ కొంచెం పైకి వంగి ఉంటాయి కదా, ఎత్తుంటే అదే నెమ్మదిగా సర్దుకుంటుంది, మీకు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరుకుతుంది.

సిమ్యులేటర్ గురించి గట్టిగా చెప్తున్నా, నడివయసు వాళ్లకి ఇది తప్పనిసరి. రియల్‌ఫ్లైట్ లాంటివి ఉన్నాయి, పికాసిమ్ ఉచితంగా దొరుకుతుంది, మీ రేడియోనే యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలుపుకోండి, కీబోర్డ్‌తో ఆడితే ఉపయోగం లేదు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ పావుగంట మేలు. విమానాన్ని మీవైపు తెచ్చుకోవడం, ఎడమ చుట్టు, కుడి చుట్టు, తర్వాత ఎనిమిది ఆకారం, ఇవే పదేపదే. నాకు ఆరువారాలు పట్టింది, ఒకరోజు చూస్తే వేలు దానంతటదే వెళ్తోంది, ఆలోచించట్లేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. పిల్లలకి రెండు వారాల్లో వస్తే మనకి ఆరు పట్టొచ్చు, కానీ వస్తుంది. దగ్గర్లో తెలిసినవాళ్లుంటే రెండు రేడియోలు కలిపి ట్రైనర్ మోడ్‌లో నేర్చుకోండి, మీకు తప్పితే వాళ్లు స్విచ్ వదిలి కంట్రోల్ తీసేసుకుంటారు, ఎంత ధైర్యంగా ఉంటుందో.

సమస్య: మలుపులో ఒక రెక్క ఉన్నట్టుండి పడిపోయి గిరగిరా తిరుగుతూ దిగిపోతోంది

స్టాల్, అంటే రెక్క గాలిమీద పట్టు వదిలెయ్యడం. స్పీడ్ తక్కువ, ఎలివేటర్ లాగడం ఎక్కువ. గాలివాలుకి వెళ్తున్నప్పుడు నేలమీంచి చూసేవాళ్లకి విమానం చాలా వేగంగా పోతున్నట్టుంటుంది, దాంతో థ్రాటిల్ తగ్గించేస్తాం, కానీ రెక్కమీద పారే గాలి నిజానికి అంత లేదు, అక్కడ గట్టిగా మలుపు లాగితే రెక్క పట్టు వదిలేస్తుంది. ల్యాండింగ్‌కి చివరి మలుపులో ఎక్కువ విమానాలు పోయేది ఇలాగే. మలుపులో థ్రాటిల్ కొంచెం పెంచండి, 30 డిగ్రీల కంటే ఎక్కువ వంచొద్దు. రెక్క పడిపోయిందా, ముందు ఎలివేటర్ వదిలెయ్యండి, పైకి లాగాలన్న కోరికని ఆపుకోవడమే కష్టం, ముక్కు దిగి స్పీడ్ వచ్చాక అప్పుడు మెల్లగా లాగండి.

సమస్య: విమానం ఎటు తిరిగి ఉందో కళ్లకి ఆనట్లేదు

ఇది మన వయసు సమస్యే, దాచుకోనక్కర్లేదు. దగ్గరకీ దూరానికీ కలిపి ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలతో కొన్నాళ్లు ఎగరేశాను, తల కదిలినప్పుడల్లా విమానం మసకైన చోటుకి పోయేది. కళ్ల డాక్టర్‌తో మాట్లాడి దూరం చూపుకి మాత్రమే ఒక జత చేయించుకున్నా, పెద్ద ఫ్రేమ్‌తో, తేడా మొదటిరోజే తెలిసింది. మరి రేడియో స్క్రీన్ కనబడదు కదా అంటే, టైమర్, బ్యాటరీ వోల్టేజ్ రెండూ గొంతుతో చెప్పేలా పెట్టుకోండి, ఇప్పటి చాలా రేడియోల్లో ఉంది. పోలరైజ్డ్ చలవద్దాలు పెట్టుకుంటే కొన్ని స్క్రీన్లు నల్లగా మారిపోతాయి, కొనేముందు రేడియో పట్టుకుని చూస్కోండి.

రెక్క పైభాగం, అడుగుభాగం ఒకేలా ఉంటే వంపు తెలీదు. అడుగున ముదురు రంగు వెడల్పు చారలు రెండు అంటించండి, అదీ ఒక రెక్కకే. 150 మీటర్లు దాటి పోనివ్వకండి, సూర్యుడు మీ వీపు వైపుండేలా నిలబడండి. నెత్తిమీదుగా ఎగరేస్తే మెడ పట్టేస్తుంది, ఎప్పుడూ మీ ముందే ఉంచుకోండి.

సమస్య: చేతులు వణుకుతున్నాయి

అందరికీ వణుకుతాయి, భయపడకండి. బొటనవేలు ఒక్కదానితో కాకుండా బొటనవేలు, చూపుడువేలు రెండిటితో స్టిక్ పట్టుకోండి, రేడియోకి మెడపట్టీ వేస్కోండి, బరువు మెడమీద ఉంటే వేళ్లు తేలికవుతాయి. ఎక్స్‌పో (స్టిక్ నడిమి దగ్గర స్పందన మెత్తబడే సెట్టింగ్) 30 శాతం, పలకలు తక్కువ కదిలే లో రేట్‌లో ఎగరేస్తే ఆ వణుకు విమానానికి చేరదు. ఒక బ్యాటరీ అయ్యాక కూర్చోండి, నీళ్లు తాగండి, వెంటనే రెండోది పెట్టొద్దు.

సమస్య: మోటార్ గొడవలు

అసలు తిరగట్లేదు, బీప్ బీప్ అంటోంది: థ్రాటిల్ స్టిక్ లేదా దాని ట్రిమ్ పూర్తిగా కింద లేదు, మోటార్ వేగాన్ని నడిపే ఈఎస్‌సీ ఒప్పుకోదు. పూర్తిగా దించినా అలాగే ఉంటే థ్రాటిల్ క్యాలిబ్రేషన్ (స్టిక్ పై కొస, కింది కొస ఎక్కడో దానికి నేర్పడం) చెయ్యండి, ప్రొపెల్లర్ తీసేసి. ఇంకో మాట, బ్యాటరీ కనెక్ట్ అయ్యిందంటే ప్రొపెల్లర్ ఏ క్షణమైనా తిరగొచ్చు అనే అనుకోండి, వేళ్లు, ముఖం దాని ముందుకి రాకూడదు, స్టిక్ కదిలినా మోటార్ తిరక్కుండా ఆపే థ్రాటిల్ కట్ స్విచ్ తప్పకుండా పెట్టుకోండి.

ఉల్టా తిరుగుతోంది: మోటార్‌కెళ్లే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చండి.

హోరుగా తిరుగుతోంది గానీ లాగట్లేదు: ప్రొపెల్లర్ వెనకముందు పెట్టారు, దానిమీద అక్షరాలున్న వైపు ముందుకి ఉండాలి.

గాల్లో ఉండగా మోటార్ ఆగిపోయింది: బ్యాటరీ అయిపోయింది, సర్వోలు (పలకల్ని కదిలించే చిన్న మోటార్లు) పనిచెయ్యడానికి కాస్త కరెంటు మిగల్చడానికి ఈఎస్‌సీ మోటార్‌ని ఆపుతుంది. కంట్రోల్ ఇంకా మీ చేతిలోనే ఉంది కాబట్టి కంగారొద్దు, ముక్కు కాస్త దించి, రెక్కలు సమంగా ఉంచి, ఎక్కడ పడితే అక్కడ సాఫుగా దింపండి, మీ దగ్గరికే తేవాలని మలుపులు లాగితే పోతుంది. టైమర్ మొదట 5 నిమిషాలకి పెట్టి, దిగాక కొలవండి, సెల్‌కి 3.7, 3.8 వోల్టుల మధ్య మిగలాలి, దానిబట్టి టైమర్ పెంచడం తగ్గించడం.

సమస్య: బ్యాటరీ ఉబ్బింది

మనం ఉద్యోగాలు, ఇల్లు చూసుకుంటూ రెండు వారాలకోసారి వెళ్తాం. శనివారం రాత్రి ఫుల్ ఛార్జ్ పెడతాం, ఆదివారం వాన, అది సెల్‌కి 4.2 వోల్టుల దగ్గరే నెలంతా ఉండిపోతుంది, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి అది మంచిది కాదు. ఎగరేయకపోతే ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కి 3.8కి తీసుకురండి. ఛార్జింగ్ ఎప్పుడూ సెల్స్ అన్నీ సమంగా నిండే బ్యాలెన్స్ మోడ్‌లో, 2200 ఎంఏహెచ్ అయితే 2.2 ఆంపియర్లు, మీరు పక్కనే ఉండగా, మంట అంటుకునే వస్తువులకి దూరంగా. ఉబ్బినదాన్ని ఇంకొక్కసారి వాడదాం అనుకోకండి, పొడిచి చూడకండి, పక్కన పెట్టెయ్యండి.

సమస్య: మధ్యలో సిగ్నల్ పోయినట్టు ఉలిక్కిపడుతోంది

పాత రేడియోల్లో క్రిస్టళ్లు (ఛానెల్‌ని నిర్ణయించే చిన్న ముక్కలు) మార్చుకుని, ఇంకొకళ్ల ఛానెల్‌తో గుద్దుకుని కూలేవి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ బాధ దాదాపు లేదు, కాబట్టి ముందు యాంటెన్నాలు చూడండి. విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్‌కి రెండుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో, బ్యాటరీకీ కార్బన్ రాడ్‌కీ దూరంగా ఉండాలి. రేడియో యాంటెన్నా కొసని విమానం వైపు చూపించకండి, సిగ్నల్ తక్కువ వచ్చేది కొస నుంచే. సిగ్నల్ బలం తగ్గించి పరీక్షించే రేంజ్ చెక్ మోడ్‌లో పెట్టి మాన్యువల్లో చెప్పినన్ని అడుగులు నడిచి చూడండి. సిగ్నల్ పోతే విమానం ఏం చెయ్యాలో చెప్పే ఫెయిల్‌సేఫ్‌లో థ్రాటిల్ సున్నాకి పెట్టండి, ప్రొపెల్లర్ తీసేసి రేడియో ఆఫ్ చేసి పరీక్షించండి కూడా.

కూలిపోయాక

ముందు బ్యాటరీ పీకండి, తర్వాతే మిగతావి. చిన్న ముక్కలు కూడా ఏరుకోండి, ఫోమ్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. థర్మాకోల్ రకం ఫోమ్‌ని మామూలు సూపర్ గ్లూ తినేస్తుంది, ఫోమ్‌కి పడేది వాడండి, మోటార్ దగ్గర ఎపాక్సీ. ఈపీఓ (కాస్త సాగే రకం) ఫోమ్ నొక్కుకుపోతే వేడినీళ్లు పొయ్యండి, చాలావరకు మళ్లీ ఉబ్బుతుంది. ప్రొపెల్లర్‌కి చిన్న పగులున్నా మార్చెయ్యండి. ఇక అతుకు ఆరగానే మైదానానికి పరిగెత్తకుండా మళ్లీ రెండు వేళ్ల మీద ఎత్తి చూడండి, ఎందుకంటే తోక సీజీకి చాలా దూరం, అక్కడ 10 గ్రాముల జిగురు పడితే ముక్కులో దానికి రెండింతలో మూడింతలో పెట్టాల్సొస్తుంది.