కొమ్మ ఎంత నీరు తాగుతుంది, ఎంత ఆవిరి చేస్తుంది: కొలవడం ఎలా?

పోటోమీటర్ పెట్టి, నాళంలో నీరు కదిలిన దూరం చూసి, "ఇదే బాష్పోత్సేకం (ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడం)" అని రాసేవారు చాలామంది. అది తప్పు. పోటోమీటర్ కొలిచేది కొమ్మ పీల్చుకున్న నీటిని మాత్రమే. అందులో అత్యధిక భాగం ఆకుల నుంచి ఆవిరైపోతుంది కాబట్టి రెండు అంకెలూ దగ్గరగా ఉండవచ్చు. అయినా రెండూ ఒకటి కావు. రెండింటినీ విడిగా కొలవాలి.

పోటోమీటర్‌కు కావలసినవి: ఆకులు నిండుగా ఉన్న గట్టి కొమ్మ, గీతలున్న 1 మి.లీ. పిపెట్, కొమ్మకూ పిపెట్ మొనకూ బిగుతుగా పట్టే మెత్తని పారదర్శక గొట్టం, టబ్బునిండా నీళ్లు, కొత్త బ్లేడు, స్టాండు. మందారలాంటి గట్టి కొమ్మ అయితే మంచిది. మెత్తని కాడలు గొట్టంలో నలిగిపోతాయి. నీళ్లు ముందురోజే పట్టి ఉంచండి. అప్పుడే పట్టిన చల్లని నీళ్లు వేడెక్కేకొద్దీ గొట్టంలో బుడగలు వదులుతాయి.

ఇక కోత. ప్రయోగం పాడయ్యేది ఇక్కడే. కొమ్మలోని దారునాళాల్లో (నీటిని పైకి చేర్చే సన్నని గొట్టాల్లో) నీరు తీగలా లాగబడి, బిగువుగా ఉంటుంది. గాలిలో కోయగానే ఆ తీగ తెగి, నీరు లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. ఆ తరువాత కొమ్మను నీటిలో ముంచినా ఆ నాళాల్లో నీరు సరిగా ఎక్కదు. ఆకులు వాడిపోతే "మొక్క మంచిది కాదు" అంటారు. మొక్క తప్పేమీ లేదు.

అందుకే చెట్టు నుంచి కోసిన కొమ్మ మొదలును వెంటనే నీటిలో ముంచి, నీటి లోపలే ఉంచి, మొదటి కోతకు కనీసం రెండు మూడు సెంటీమీటర్ల పైన మళ్లీ ఏటవాలుగా కోయండి. కత్తెర వాడకండి, అది నాళాలను నొక్కి మూసేస్తుంది. కోసిన మొదలు ఒక్క క్షణం కూడా నీటి పైకి రాకూడదు. గొట్టాన్నీ పిపెట్‌నూ నీటిలో ముంచి, తట్టి బుడగలన్నీ పోయాక, కొమ్మను నీటిలోనే గొట్టంలోకి దూర్చండి. ఆకులు మాత్రం తడవకూడదు. తడిస్తే వెంటనే అద్ది ఆరబెట్టండి.

బయటికి తీసి, గొట్టాన్ని వంచి, కొమ్మా పిపెట్టూ నిలువుగా ఉండేలా స్టాండుకు బిగించండి. అతుకు చుట్టూ పొడిగా తుడిచి వాసెలిన్ రాయండి. గొట్టంలో చిన్న బుడగ కనిపించినా సర్దుకుపోవద్దు, మొదటి నుంచి చేయండి. పది నిమిషాలు ఆగి, ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి నీటిమట్టం రాయండి. మూడు వరుస కొలతలు దగ్గరగా వచ్చేదాకా ఏదీ మార్చకండి. ఆపైన ఫ్యాను గాలి, వెలుగు, ఆకులపై పాలిథిన్ సంచి, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడండి. ఆకుల అడుగున వాసెలిన్ రాస్తే పీల్చుకోవడం బాగా తగ్గుతుంది, ఎందుకంటే మందారలో పత్రరంధ్రాలు ఎక్కువగా అడుగునే ఉంటాయి.

ఆకుల నుంచి పోయే నీటిని కొలవడానికి తూకమే దారి. సంచిలో చేరిన చెమ్మ చూపించడం పిల్లలకు బాగుంటుంది కానీ, దాని నుంచి అంకె రాదు. 1724లో ఆంగ్ల శాస్త్రవేత్త స్టీఫెన్ హేల్స్ పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీని పలుచని సీసపు రేకుతో మూసి, ఉదయం సాయంత్రం తూచాడు. మనకు గీతలున్న 10 మి.లీ. కొలజాడీ చాలు. నీరు పోసి, ఇలాగే నీటిలో కోసిన మరో కొమ్మను అందులో పెట్టి, నీటిపై పలుచగా నూనె వేయండి. మట్టం రాసుకుని, జాడీతో సహా తూచండి. కొన్ని గంటల తరువాత మళ్లీ రెండూ చూడండి. తగ్గిన మట్టం మి.లీ.లలో సుమారుగా కొమ్మ తాగిన నీరు. తగ్గిన బరువు గ్రాములలో అది పోగొట్టుకున్న నీరు. 1 మి.లీ. నీరు సుమారు 1 గ్రాము కాబట్టి నేరుగా పోల్చవచ్చు. బరువు తగ్గుదల మట్టం తగ్గుదలను మించిందంటే, ఆ తేడా ఆకుల సొంత నిల్వ నుంచి పోయిన నీరు. ఆ కొమ్మ ఆకులను మెల్లగా తాకి చూడండి, అప్పటికే కొద్దిగా మెత్తబడి ఉండవచ్చు.